క్రాప్ అంటే పంటా, చెత్తా? ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటల్లో నిఘంటువు అర్థాన్నీ స్లాంగ్ అర్థాన్నీ విడదీసే పద్ధతి

మన పాత జిల్లాల పేర్లతోనే మొదలుపెడదాం. ఈస్ట్ గోదావరి అనేటప్పుడు మనకు తెలియకుండానే ముందు సన్నగా ఒక 'య' చేరుతుంది. అప్పుడది 'యీస్ట్' గోదావరి, అంటే రొట్టె పిండిని పొంగించే పదార్థం. వెస్ట్ గోదావరి అనేటప్పుడు పైపళ్లు కింది పెదవికి తగిలాయా, బ్రిటిష్ వాళ్ల చెవికి అది బనియన్. అమెరికా వాళ్లకైతే కోటు లోపల వేసుకునే చేతుల్లేని జాకెట్టు. తెలుగులో రాసి చూసుకుంటే 'వెస్ట్', 'వెస్ట్' ఒక్కటే.

చిక్కంతా అక్కడే ఉంది. ఇంగ్లీషులో విడివిడిగా ఉన్న మాటలు మన లిపిలోకీ మన చెవిలోకీ వచ్చేసరికి కలిసిపోతాయి. కలిసిపోయిన నాలుగింటిలో ఒకదానికి తరచు స్లాంగ్ అర్థం ఉంటుంది. భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లు, నరసాపురంలో లేసు బేరాలు మాట్లాడేవాళ్లు, అమలాపురం నుంచి గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లేవాళ్లు దీన్ని రెండు వైపుల నుంచీ చూసుకోవాలి. వాళ్లన్నది మనకు ఎలా వినబడింది, మనమన్నది వాళ్లకు ఎలా వినబడింది. మొదటిది పొరపడితే అర్థం తప్పుతుంది, సరిచేసుకోవచ్చు. రెండోది పొరపడితే ఎదుటివాడు మొహం మాడ్చుకుంటాడు గానీ కారణం చెప్పడు.

ఇంకో సంగతి ముందే తేల్చుకోవాలి. మనవాళ్లు 'గోదావరి స్లాంగ్' అంటుంటారు. 'ఆయ్', 'అండీ' అంటూ సాగదీసి పలకడం స్లాంగ్ కాదు. పలికే తీరును ఇంగ్లీషులో యాక్సెంట్ అంటారు, మన మాటలో యాస. ఒక సీమకు ప్రత్యేకమైన పదాలూ వ్యాకరణమూ కలిస్తే డయలెక్ట్, అంటే మాండలికం. ఒక వృత్తివాళ్ల మాటలు జార్గన్. రొయ్యల చెరువు గట్టు మీద వినబడే 'కౌంట్', 'పట్టుబడి' ఆ కోవలోవి. స్లాంగ్ అంటే కుర్రాళ్లో, సిపాయిలో, ఆటగాళ్లో తమలో తాము వాడుకునే మాట. ఎక్కువగా కొత్తగా పుడుతుంది, త్వరగా పాతబడుతుంది, ఆఫీసు ఉత్తరంలోకి ఎక్కదు. దొరగారి యాస బాగుందని మెచ్చుకోబోయి 'మీ స్లాంగ్ బాగుంది' అంటే ఆయన తానేం కూశానా అని వెతుక్కుంటాడు.

కావలసినవి

200 పేజీల రూళ్ల నోటుబుక్ ఒకటి. ఫోన్‌లో ఆడియో ఉన్న నిఘంటువు: ఆక్స్‌ఫర్డ్ లేదా కేంబ్రిడ్జ్ వాళ్ల అభ్యాసకుల నిఘంటువు చాలు, రెండూ నెట్‌లో ఉచితమే, బ్రిటిష్ పలుకూ అమెరికా పలుకూ పక్కపక్కనే ఇస్తాయి. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. ఫోన్ స్పీకర్లో 'వ' తేడాలూ 'జ' తేడాలూ సగం వినబడకుండా పోతాయి. ఒక టిష్యూ కాగితం, చిన్న అద్దం. రోజుకు 20 నిమిషాలు, 5 మాటలకు మించకుండా.

మొదటి అడుగు: విన్నది విన్నట్టు తెలుగులో రాయడం

చాలామంది వినగానే ఇంగ్లీషు స్పెల్లింగు ఊహించి వెతుకుతారు. ఊహ తప్పితే ఆ పైన చేసేదంతా తప్పే. ముందు తెలుగులోనే రాయండి, ఒంటి మాట కాదు, మొత్తం వాక్యం. పక్కన ఎవరు, ఎవరితో, ఏ దేశం పలుకుతో అన్నారో రాయండి. 'దట్స్ సిక్' అని ఆస్పత్రిలో నర్సు అనడం వేరు, క్రికెట్ చూస్తూ కుర్రాడు అనడం వేరు. కుర్రాడి నోట సిక్ అంటే అదిరిపోయింది అని.

రెండో అడుగు: కొమ్మలు వేయడం

రాసిన తెలుగు మాట కింద అది ఏయే ఇంగ్లీషు మాటలు కాగలదో అన్నీ రాయాలి. ఏ అక్షరం దగ్గర కొమ్మ చీలుతుందో తెలిస్తే ఇది అయిదు నిమిషాల పని.

'వ' దగ్గర రెండు కొమ్మలు. ఇంగ్లీషులో వీ అక్షరం, డబ్ల్యూ అక్షరం వేర్వేరు ధ్వనులు; మన 'వ' ఆ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అందుకే 'వెట్' వినబడితే డబ్ల్యూ వెట్ అంటే తడి, బ్రిటిష్ స్లాంగులో గట్టిదనం లేని మనిషి. వీ వెట్ అంటే పశువుల డాక్టరు. అమెరికాలో మాజీ సైనికుడు కూడా. క్రియగా వాడితే క్షుణ్ణంగా పరిశీలించడం. 'వైన్' అయితే మూడు కొమ్మలు: ద్రాక్షసారా, ద్రాక్ష తీగ, సణుగుడు. సణుగుడుకు డబ్ల్యూ తర్వాత హెచ్ ఉంటుంది గానీ నేడు ఎక్కువమంది నోట సారాకూ దానికీ పలుకులో తేడా లేదు. మన ఊళ్లలో 'వైన్స్' అనే బోర్డు ఉన్న కొట్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి, అది వేరే సంగతి.

'జ' దగ్గర కూడా అంతే. జెడ్ అక్షరపు ధ్వని అసలు తెలుగుకు లేదు. 'స' అంటూనే గొంతు మోగిస్తే వచ్చేది అది. దాన్ని మనం 'జ'లో కలిపేస్తాం కాబట్టి జంతువుల జూ, యూదు మతస్థుణ్ణి సూచించే జూ మనకు ఒకటే. పిల్లల్ని జూ చూపించడానికి తీసుకెళ్లామని విదేశీయుడికి చెప్పేటప్పుడు ఈ తేడా చాలా పెద్దది.

'ఆ' దగ్గర చిక్కు ఎక్కువ, ఇక్కడే కాస్త ఆగాలి. ఇంగ్లీషులో క్యాప్, కాప్ వేర్వేరు అచ్చులు. మొదటి దాంట్లో ఉన్న ధ్వని మనకు లేదనుకుంటారు గానీ ఉంది. 'వచ్చాడు', 'ఇచ్చాడు' అనేటప్పుడు 'చా'లో నోరు పక్కలకు సాగి వచ్చే అచ్చు అదే. నోట్లో ఉంది, వర్ణమాలలో లేదు. అందుకే రాతలో ఒకసారి 'క్యా', ఒకసారి 'కా' అని రాసి గందరగోళపడతాం. నోటుబుక్‌లో దానికొక గుర్తు పెట్టుకోండి, 'చా' పక్కన చిన్న చుక్కైనా చాలు. క్యాప్ అంటే టోపీ, స్లాంగులో అబద్ధం; 'నో క్యాప్' అంటే ఒట్టు, నిజం. కాప్ అంటే స్లాంగులో పోలీసు. క్రియగా వాడితే సంపాదించడం. కప్ మీకు తెలిసిందే.

'ఇ', 'ఈ' సంగతి. మనకు హ్రస్వ దీర్ఘాలు ఉన్నాయి కదా అని ధైర్యంగా ఉంటాం. అయితే ఇంగ్లీషులో ఆ రెండింటికీ తేడా నిడివిది మాత్రమే కాదు, నాలుక ఎత్తు కూడా మారుతుంది. పైగా చ, ట, ప లాంటి ధ్వనుల ముందు వాళ్ల దీర్ఘమే పొట్టిగా వినబడుతుంది. కాబట్టి 'ఫిట్' లాగా వినబడింది ఫీట్ కావచ్చు. ఫిట్ అంటే ఆరోగ్యంగా ఉన్న. బ్రిటిష్ స్లాంగులో చూడచక్కని. కుర్రాళ్ల వాడుకలో వేసుకున్న బట్టలు. ఫీట్ అంటే పాదాలు, ఈ-ఏ అక్షరాలతో రాస్తే ఘనకార్యం. పాటల పేర్ల పక్కన కనబడేది మాత్రం 'ఫీచరింగ్' అన్నదానికి పొట్టి రూపం.

మాట మొదట్లో అచ్చుంటే 'య', 'వ' చేర్చి కూడా వెతకండి. ఇయర్ అంటే చెవీ కావచ్చు, సంవత్సరమూ కావచ్చు.

మాట మొదట్లో క, ట, ప ఉంటే గ, డ, బ కొమ్మ కూడా వేయాలి. ఇది మనమన్నది వాళ్లు వినే వైపు. ఇంగ్లీషు వాళ్లు మాట మొదట్లో వచ్చే ఆ మూడింటినీ గాలి వదిలి పలుకుతారు. మనం గాలి వదలం. అందుకని మన కోట్ వాళ్లకు గోట్‌లా వినబడుతుంది. గోట్ అంటే మేక. ఆటల అభిమానులకైతే అందరికన్నా గొప్పవాడు, 'గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్' అన్న నాలుగు మాటల మొదటి అక్షరాలు.

అమెరికా పలుకులో రెండు అచ్చుల మధ్య 'ట' పడితే అది 'డ'కు, మన 'ర'కు దగ్గరగా మెత్తబడుతుంది. రైటర్, రైడర్ ఒకేలా వినబడతాయి. చివరగా పలకని అక్షరాలు. వాటి సంగతి డ్యామ్ దగ్గర చూద్దాం.

మూడో అడుగు: నిఘంటువులో అర్థం కన్నా ముందు లేబుల్ చదవడం

ఒక్కో కొమ్మను నిఘంటువులో వెతికి అర్థానికి ముందు వాలు అక్షరాల్లో ఉండే చిన్న మాట చూడండి. 'ఇన్‌ఫార్మల్' అంటే స్నేహితులతో సరే, ఉత్తరంలో వద్దు. 'స్లాంగ్' అంటే ఆ గుంపులోవాళ్లే వాడతారు. 'టాబూ' లేదా 'వల్గర్' అంటే బూతు. 'అఫెన్సివ్' అంటే ఒక జాతినో వర్గాన్నో కించపరిచే మాట. బూతు కాకపోయినా దాని కన్నా ప్రమాదం. 'ఓల్డ్ ఫ్యాషన్డ్' అంటే తాతల కాలం మాట. ఆ తర్వాత బ్రిటిష్, నార్త్ అమెరికన్, ఆస్ట్రేలియన్ అన్న గుర్తు.

పలుకు గుర్తుల్లో రెండే నేర్చుకోండి చాలు. అచ్చు పక్కన కోలన్ లాంటి రెండు చుక్కలుంటే దీర్ఘం. పైన చిన్న నిలువు గీత ఉంటే దాని తర్వాతి భాగాన్ని గట్టిగా పలకాలి. ఈ గీతే ఎడారినీ మిఠాయినీ విడదీస్తుంది. గీత మొదట్లో ఉంటే డెజర్ట్ అంటే ఎడారి. రెండో భాగం ముందుంటే డిజర్ట్: ఒక ఎస్ ఉంటే విడిచి పారిపోవడం, రెండు ఎస్‌లుంటే భోజనం చివర తినే తీపి. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా మీద ఒక ఎస్ తగ్గిందంటే తీపి కాస్తా ఇసుకైపోతుంది. 'జస్ట్ డిజర్ట్స్' అనే జాతీయంలో మాత్రం ఒకే ఎస్ ఉన్నా పలుకు తీపిదే, అర్థం చేసిన దానికి తగిన శాస్తి.

నాలుగో అడుగు: వాక్యంలో పెట్టి చూడటం

మాట ముందు 'ఎ', 'ద' ఉన్నాయా, వెనక ఏముంది, అది పేరా క్రియా చూస్తే సగం కొమ్మలు రాలిపోతాయి. 'దట్స్ క్యాప్' అన్నప్పుడు ముందు 'ఎ' లేదు. టోపీ అయితే 'ఎ' ఉండాలి. మిగిలిన కొమ్మలు రెండైతే చుట్టూ ఉన్న సందర్భం తేలుస్తుంది. అప్పటికీ తేలకపోతే అన్నవాళ్లనే మళ్లీ చెప్పమనండి, తప్పు లేదు.

క్రాప్ మీద ఈ నాలుగు అడుగులూ

విన్న వాక్యం: 'దిస్ ఇయర్స్ క్రాప్ ఈజ్ క్రాప్.' తెలుగులో రాస్తే రెండుసార్లూ ఒకటే మాట.

కొమ్మలు మూడు. 'ఓ' అనే ఇంగ్లీషు అక్షరంతో క్రాప్, 'ఏ' అనే ఇంగ్లీషు అక్షరంతో క్రాప్, బీతో ముగిసే క్రాబ్. మొదటిది పంట. దానికే కోడి మెడ కింద గింజలు నిలవుండే సంచి అన్న అర్థం, పొట్టిగా కత్తిరించిన జుట్టు అన్న అర్థం ఉన్నాయి. మంగలి షాపులో మనం చేయించుకునే 'క్రాపు' ఇక్కడి నుంచి వచ్చిందే. స్లాంగు వైపు 'కమ్ ఎ క్రాపర్' అంటే బ్రిటన్‌లో బోర్లా పడటం, ఘోరంగా దెబ్బతినడం. రెండోది, 'ఏ' అక్షరం క్రాప్: సూటి అర్థం మలం, వాడుకలో చెత్త, పనికిమాలిన మాటలు. నిఘంటువు లేబుల్ బూతు దగ్గరే ఉంటుంది. దాని చివర ఎస్ చేరిస్తే మాత్రం అమెరికాలో ఆడే ఒక పాచికల జూదం. మూడోది పీత.

వాక్యంలో మొదటి క్రాప్ 'దిస్ ఇయర్స్' తర్వాత వచ్చింది కాబట్టి పంట. రెండోది 'ఈజ్' తర్వాత గుణం చెబుతోంది కాబట్టి చెత్త. ఈ ఏడు పంట దండగ అని రైతు గోడు.

ఇప్పుడు మన నోటి వైపు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సాగు మానేసి 'క్రాప్ హాలిడే' ప్రకటించారు. ఆ మాటను 'వచ్చాడు'లోని అచ్చుతో పలికితే వినేవాడికి చెత్త సెలవు. పెదవులు గుండ్రంగా చేసి, దవడ బాగా కిందికి దించి, పొట్టిగా 'క్రొప్' అంటే బ్రిటిష్ పలుకుకు సరిపోతుంది. అమెరికా పలుకు కావాలంటే 'కాకి'లో 'కా' లాంటి శుద్ధమైన ఆ-కారం. రెండింట్లో ఏదైనా ఫరవాలేదు, నోరు పక్కలకు సాగకుంటే చాలు. 'మై క్రాప్ ఈజ్ గుడ్' అని ఫొటో కింద రాసేవాళ్లు జుట్టు సంగతైతే 'హెయిర్‌కట్' అనడం మేలు.

రొయ్యల చెరువు దగ్గర

ప్రాన్ అంటే రొయ్య. బ్రిటిష్ పలుకులో ఇందులో అచ్చు దీర్ఘమైన 'ఓ'కూ 'ఆ'కూ మధ్యస్థం. ఇందులో 'ర' జారిపోయిందంటే మిగిలేది పాన్, అంటే తాకట్టు, చదరంగంలో బంటు. అంతకన్నా చిక్కేమిటంటే, బ్రిటిష్ పలుకులో తాకట్టుకూ అశ్లీల చిత్రాలకు వాడే పోర్న్ అన్న మాటకూ ఒకటే ధ్వని, ఎందుకంటే అచ్చు తర్వాతి ఆర్‌ను వాళ్లు పలకరు. ఆ 'ప్ర'ను స్పష్టంగా పలకాల్సిందే. నెట్‌లో నిషేధాలు తప్పించుకోవడానికి ఆ అశ్లీల మాటకు బదులు కార్న్ అనో మొక్కజొన్న కంకి బొమ్మనో పెట్టడం కూడా ఉంది. పొత్తుల ఫొటో కింద వింత వ్యాఖ్యలు వస్తే కారణం అదై ఉండొచ్చు.

అమెరికా కొనుగోలుదారుతో ప్రాన్ అనే మాటే వద్దు, వాళ్లకది ష్రింప్. స్లాంగులో ష్రింప్ అంటే పీలగా పొట్టిగా ఉన్న మనిషి. 'ష్ర' కలిపి పలకడం రాక 'సింప్' అయిందనుకోండి, అది ఎవరి మెప్పు కోసమో వెంటపడి ఊడిగం చేసేవాడు. ఆస్ట్రేలియాలో 'డోంట్ కమ్ ద రా ప్రాన్ విత్ మీ' అంటే నా చెవిలో పువ్వు పెట్టకు అని. పాతబడిన మాటే గానీ అర్థం తెలిసి ఉండటం మంచిది.

కౌంట్ దగ్గర రెండు జాగ్రత్తలు. మొదటిది లెక్కలో. మన గట్టు మీద 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, ఒక్కోటి సుమారు 33 గ్రాములు. అమెరికాలో కౌంట్ పౌండుకు, అంటే 453.6 గ్రాములకు. అక్కడ 30 అంటే ఒక్కోటి 15 గ్రాములే. తల తీసిందా తీయనిదా అన్నది కూడా అడగాలి. రెండోది పలుకులో. 'కౌ'ను పూర్తిగా విప్పి పలకాలి. అది కుదించుకుపోయి 'కంట్' అయితే ఇంగ్లీషులో అంతకన్నా నీచమైన బూతు లేదు. 'చేయలేను' అనే కాంట్ దీర్ఘం తగ్గినా జరిగేది అదే. నమ్మకం లేనివాళ్లు కాంట్ మానేసి 'కెనాట్' అనడం తేలిక, ఎవరూ తప్పుపట్టరు.

చెరువు పాండ్. డబ్బూ తూకమూ పౌండ్. 'అక్రాస్ ద పాండ్' అని లండన్ వాడంటే చెరువు అవతల కాదు, అట్లాంటిక్ అవతల, అంటే అమెరికాలో. ఆటల కుర్రాళ్లు రాసే 'పోన్డ్' తాకట్టు కాదు. 'ఓన్డ్' అనబోయి కీబోర్డు మీద పక్క అక్షరం నొక్కిన పొరపాటు మాటగా నిలబడిపోయింది. చిత్తుగా ఓడించారని అర్థం.

పండుగప్పను ఇంగ్లీషులో సీ బాస్ అంటారు. ఈ బాస్‌ను 'మాస్' లాగా పొట్టిగా పలకాలి. అదే స్పెల్లింగు సంగీతంలో వస్తే 'బేస్', మంద్రస్వరం. పైఅధికారి బాస్‌కు అచ్చు వేరు. ఇక 'బేస్డ్' అని కుర్రాళ్లంటే ఎవరేమనుకున్నా లెక్కచేయక తన మాట మీద నిలబడేవాడని మెచ్చుకోలు.

కాలువలు, రేవులు

ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ పూర్తిచేసిన ఆనకట్టను ఇంగ్లీషు రికార్డులు 'అనికట్' అన్నాయి. ఆ ఇంగ్లీషు మాట తమిళం నుంచి వెళ్లింది. ఇప్పుడున్నది బ్యారేజి. నిఘంటువులో బ్యారేజికి ఫిరంగి గుండ్ల వర్షం, ప్రశ్నల వర్షం అనే అర్థాలూ ఉన్నాయి. దాన్ని డ్యామ్ అన్నారో, వినడానికి అదే పలుకున్న ఇంకో డ్యామ్ ఉంది. చివర రాసి పలకని ఎన్ అక్షరం ఉన్నది తిట్టు, శపించడం. 'డ్యామ్ గుడ్' అంటే భలేగా ఉందని. అయినా చర్చి ఫాదరు ముందు అనకూడని మాట. రెండింటికీ చెవికి తేడా ఉండదు, వాక్యంలోనే తేల్చుకోవాలి.

లొల్లలాకులు చూపించి 'దీజ్ ఆర్ లాక్స్' అంటే కాలువ మీద పనిచేసే ఇంజనీరుకు అర్థమవుతుంది, మామూలువాళ్లు తాళాలనుకుంటారు. 'కెనాల్ లాక్స్' అనండి. కెనాల్‌లో రెండో భాగం గట్టిగా పలకాలి. మొదటి భాగాన్ని గట్టిగా పలికితే అది కెనల్‌కు దగ్గరవుతుంది, కుక్కల గూడు. లాక్స్ అనే పలుకుకే ఉప్పులో ఊరేసిన సాల్మన్ చేప, జడలు కట్టిన జుట్టు కూడా ఉన్నాయి. స్లాంగులో 'ఇట్స్ ఎ లాక్' అంటే ఖాయం, పందెం గెలిచినట్టే. 'లాక్ ఇన్' అంటే వేరే ధ్యాస లేకుండా పనిలో మునగడం. డబ్బు లెక్కలో లక్షను ల్యాక్ అంటే వాళ్లకు 'కొరత' వినబడుతుంది. 'హండ్రెడ్ థౌజండ్' అని చెప్పండి.

నరసాపురం సఖినేటిపల్లి రేవులో బళ్లను దాటించే పంటుకు దగ్గరి ఇంగ్లీషు మాట పంట్, అడుగు చదునుగా ఉండే పడవ. బ్రిటిష్ వాడుకలో పంట్ అంటే పందెం కాయడం కూడా; పంటర్ అంటే పందెంరాయుడు, ఇంకా వ్యాపారస్తుల నోట ఖాతాదారు. అమెరికాలో ఒక పనిని పంట్ చేయడమంటే వాయిదా వేయడం. పాపికొండలకు వెళ్లే లాంచీని పొట్టిగా పలికితే లంచ్. 'హి ఈజ్ అవుట్ టు లంచ్' అన్నప్పుడు నిజంగా భోజనానికి వెళ్లి ఉండొచ్చు, బుర్ర పనిచేయడం లేదనీ కావచ్చు.

సముద్రం దగ్గర ఒకే హెచ్చరిక. అంతర్వేది బీచ్, పేరుపాలెం బీచ్ అనేటప్పుడు పెదవులు నవ్వినట్టు సాగదీసి 'ఈ'ని పట్టి ఉంచండి. జారితే ఆడవాళ్లను తిట్టే మాట. రేకుల 'షీట్', దుప్పటి 'షీట్' జారితే మలం. ఇక బంగాళాఖాతంలోని 'బే'కూ, స్లాంగులో ప్రియమైన మనిషి అనే 'బే'కూ పలుకులో తేడానే లేదు.

లేసు, వరి

నరసాపురం లేసు అల్లికకు ఇంగ్లీషు పేరు క్రోషే. ఫ్రెంచి మాట, చివరి 'టీ' పలకకూడదు. స్పెల్లింగు చూసి 'క్రాచెట్' అంటే సంగీతంలో ఒక స్వరం గుర్తు. అంతకన్నా ముందు వినేవాడికి 'క్రాచ్' తగులుతుంది, అంటే తొడల సందు. అల్లే కొక్కెం హుక్. 'ఐ వర్క్ విత్ ఎ హుక్' అనండి. 'ఐ యామ్ ఎ హుకర్' అనొద్దు, అది వేశ్య. 'హుక్ అప్' అంటే యంత్రాన్ని కలపడం సరే, మనుషుల మధ్యైతే పడక సంబంధం. లేస్‌ను క్రియగా వాడి 'లేస్డ్' అంటే పానీయంలోనో తిండిలోనో మత్తుమందు కలిపినది. సరుకు వివరాల్లో 'లేస్-ట్రిమ్డ్' అని రాయండి.

వరి పండే నేలకూ ధాన్యానికీ ప్యాడీ. మలయా భాష నుంచి వచ్చిన మాట. దీనికి జంటగా ప్యాట్రిక్ పేరుకు ముద్దుపేరైన ప్యాడీ ఉంది. ఐరిష్ వాళ్లందరినీ కలిపి అలా పిలిస్తే అవమానం. బ్రిటిష్ వాడుకలో 'త్రో ఎ ప్యాడీ' అంటే చిన్నపిల్లాడిలా పేచీ పెట్టడం. అమెరికా పలుకులో బర్గరులో పెట్టే ప్యాటీ కూడా ఇలాగే వినబడుతుంది. మనం గాలి వదలకుండా పలికితే 'బ్యాడీ', అంటే సినిమాలో విలన్, నేటి స్లాంగులో ధైర్యంగా అందంగా ఉండే అమ్మాయి. వడ్ల బస్తాల మాటెత్తితే ఎదుటివాడు నవ్వుతున్నాడంటే ఇంకేం చేస్తాడు!

కొబ్బరి గురించి ఒక్క మాట. కొబ్బరి పీచు కాయిర్. క్వైర్ అంటే పాటల బృందం, వేరే స్పెల్లింగుతో కాగితాల దస్తా. మనిషిని 'కోకనట్' అంటే బ్రిటన్‌లో జాతి మీద తిట్టు: పైకి గోధుమరంగు, లోపల తెల్లదనం అని.

అయిదో అడుగు: నోటిని సరిదిద్దడం

అద్దం ముందు కూర్చోండి. డబ్ల్యూకు పెదవులు సున్నాలా చుట్టాలి, పళ్లు కనబడకూడదు, తగలకూడదు. వీకి పైపళ్లు కింది పెదవి మీద ఆనించి గొంతు మోగించాలి. జెడ్‌కు 'స్స్స్' అంటూ గొంతు మీద వేలు పెట్టండి. నాలుక కదపకుండా మోత మొదలైతే వచ్చిందన్నమాట. నాలుక అంగిలిని తాకిందా, 'జ' అయిపోయినట్టే.

టిష్యూను నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టి కోట్, టెన్, పిన్ అనండి. కాగితం ఎగరాలి. ఎగరకపోతే 'ఖోట్', 'ఠెన్' అని రాసుకుని మన ఒత్తక్షరాల్లాగే పలకండి. 'ప'కు మాత్రం ఈ చిట్కా పనికిరాదు, 'ఫ' అని రాస్తే మనం ఎఫ్ పలుకుతాం. 'ప్‌హిన్' అని రాసుకోండి. మాట ముందు 'స' ఉంటే గాలి అక్కర్లేదు. స్పిన్, స్టాప్ మన పలుకే సరి.

జంటల్ని పక్కపక్కన పెట్టి ఒక్కోటి పదిసార్లు. ఒకే ధ్వని మీద వారం రోజులు ఉండండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు.

ఎక్కడ తప్పుతుంది

అర్బన్ డిక్షనరీని నిఘంటువనుకోవడం మొదటి తప్పు. 1999లో మొదలైన ఆ సైట్‌లో ఎవరైనా అర్థం రాయొచ్చు, సరదాకి కల్పించినవీ ఉంటాయి. ఒక స్లాంగ్ అర్థం అక్కడ కనబడితే అభ్యాసకుల నిఘంటువులో కూడా ఉందా అని చూడండి. లేకపోతే కనీసం మూడు చోట్ల మనుషులు నిజంగా వాడిన వాక్యాలు దొరికాకే నోటుబుక్‌లో రాయండి.

దేశం చూడకపోవడం రెండోది. రబ్బర్ అంటే బ్రిటన్‌లో పెన్సిల్ గీతలు చెరిపేది, అమెరికాలో నిరోధ్. ప్యాంట్స్ అమెరికాలో మన ప్యాంటే, బ్రిటన్‌లో లోపలి డ్రాయరు. 'పిస్డ్' బ్రిటన్‌లో తాగి ఉన్న, అమెరికాలో మండిపడుతున్న. ఆ దేశాలకు వెళ్లే పిల్లలు ఈ మూడైనా కంఠతా పట్టాలి.

వీడియోల్లో తెర కింద వచ్చే అక్షరాల్ని, అంటే సబ్‌టైటిల్స్‌ను, నమ్మడం ఇంకోటి. వాటిని చాలాచోట్ల యంత్రమే రాస్తుంది, అదీ మనలాగే ఒకేలా వినిపించే మాటల దగ్గర తడబడుతుంది.

స్లాంగ్ విని అర్థం చేసుకోవడానికీ స్వయంగా వాడటానికీ మధ్య చాలా దూరం ఉంది. ఇంటర్వ్యూలో, కొనుగోలుదారుతో, వీసా కౌంటర్ దగ్గర అసలు వద్దు. తోటివాళ్లతో కూడా ఆ మాట మీతో వాళ్లు వాడాకే వాడండి. 'అఫెన్సివ్' అన్న లేబుల్ ఉన్నదాన్ని వాళ్లు వాడినా మీరు వాడొద్దు. నోటుబుక్‌లో ప్రతి స్లాంగ్ మాట పక్కనా తేదీ వేయండి. రెండేళ్ల నాటిదైతే పలికే ముందు ఇంకా చెలామణిలో ఉందో లేదో మళ్లీ చూడండి.

పరీక్షకు ఫోన్‌లోని వాయిస్ టైపింగ్ పనికొస్తుంది. భాష ఇంగ్లీషుకు మార్చి మాటను ఒంటరిగా చెప్పండి, వాక్యంలో పెట్టొద్దు. వాక్యమైతే అది సందర్భం చూసి మన తప్పును తనే దిద్దేస్తుంది. 'ఈస్ట్' అని పదిసార్లు చెబితే తెర మీద ఎన్నిసార్లు రొట్టె పిండి సంగతి పడిందో లెక్కపెట్టుకోండి. మూడుకు మించితే ఆ వారం ఇంకో ధ్వని జోలికి పోకుండా దాని మీదే ఉండాలి.